శరీరపు కావలివారును, మెలటోనిన్ అను హార్మోనును

ఈ వ్యాసమునకు కారణము ఒక చిన్న సీసా. గడచిన సంవత్సరము వానకాలములో ఒకనాటి సాయంకాలము మన పాఠశాల విద్యార్థి యొకని తండ్రి మా యింటికి వచ్చెను. ఆ బాలుడు లుకేమియా, అనగా రక్తపు క్యాన్సరు, సోకి చికిత్సలో నుండుటచే బడి మానియుండెను. తండ్రి చేతిలోని సీసాను అమెరికాలో నున్న మేనల్లుడు పంపెనట. దానిపై ‘మెలటోనిన్’ అనియు, ‘ప్రకృతిసిద్ధము’ అనియు ఆంగ్లమున ముద్రింపబడియుండెను.

“అయ్యగారూ, ఇది మందు కాదట. మన ఒంట్లో పుట్టే హార్మోనేనట. కీమో ఎక్కించినప్పుడు రక్తకణాలు పడిపోకుండా కాస్తుందట. మీరు సైన్సు చెప్పేవారు గదా, పిల్లవాడికి వేయవచ్చునా?” అని ఆయన యడిగెను.

నేను సీసాను ఇటునటు త్రిప్పి చూచి, “దేవుడు మన శరీరములోనే పెట్టిన పదార్థము గదా, హాని యేముండును?” అంటిని. ఆయన సంతోషించి వెళ్లెను. నాకు మాత్రము ఆ రాత్రి నిదుర పట్టలేదు. నేను చెప్పిన మాటకు ఆధారమేమని వెదకుకొనగా ఒక్కటియు కనబడలేదు. తెల్లవారకమునుపే వారి యింటికి పోయి, ఆసుపత్రి వైద్యుని యడుగకుండ ఒక్క మాత్రయు వేయవద్దని చెప్పి వచ్చితిని. దేవుని కృపవలన అప్పటికింకను వేయలేదు. ఆ తరువాత ఈ విషయమును గూర్చి చదివి తెలిసికొన్న సంగతులను తలిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును ఉపయోగపడునని యిందు వ్రాయుచున్నాను.

నెహెమ్యా యెరూషలేము గోడలు కట్టించినప్పుడు రాత్రింబగళ్లు కావలి పెట్టించెనని మనము బైబిలు తరగతిలో చదివియున్నాము. మన దేహమునకును అట్టి కావలివారు గలరు. వారు తెల్ల రక్తకణములు. వారు పుట్టు చోటు ఎముకలలోని మూలుగ. ఆరోగ్యవంతుడైన మనుష్యుని మూలుగలో న్యూట్రోఫిల్ అను ఒక్క జాతి తెల్లకణములే దినమునకు సుమారు పదివేల కోట్లు తయారగుచున్నవి. ఇవి దీర్ఘాయువులు గావు. రక్తములోనికి వచ్చిన కొలది కాలములోనే నశించును. కావున మూలుగ ఒక్కవారము పని మానినయెడల కావలి ఖాళీయగును. ఎఱ్ఱకణములు నాలుగు మాసములు జీవించుటచే వాని లోటు మెల్లగా బయటపడును. న్యూట్రోఫిల్‌ల లోటు వెంటనే బయటపడును.

మూలుగలో పుట్టిన కణములలో కొన్ని రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ అను గ్రంథికి పోయి శిక్షణ పొందును. ఈ గ్రంథి నిష్ప్రయోజనమైనదని వైద్యులు చాలకాలము తలచిరి. 1961వ సంవత్సరములో లండనులో జాక్ మిల్లర్ అను యువ పరిశోధకుడు అప్పుడే పుట్టిన చిట్టెలుకల నుండి దానిని తీసివేయగా అవి రోగములకు తాళలేక క్షీణించిపోయెను. అప్పుడుగాని దాని విలువ తెలియలేదు. సొంత దేహమునే శత్రువని యెంచు కణములను థైమస్ నిర్దాక్షిణ్యముగా తొలగించును. నూటికి అయిదింటికి మించి ఉత్తీర్ణములు గావు. మన బోర్డు పరీక్షలు కఠినమని మొఱపెట్టుకొను విద్యార్థులు ఈ సంగతి గమనింతురుగాక! ఈ గ్రంథి బాల్యమున పెద్దదిగా నుండి, యౌవనము వచ్చినది మొదలు క్రమముగా క్రొవ్వుగా మారిపోవును. ప్లీహమును, శోషరస గ్రంథులును తక్కిన కావలి స్థానములు. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలలో ‘బిళ్ల కట్టిన’దని మన ఊళ్లలో అనుచుందురే, ఆ బిళ్ల యుద్ధమునకు సిద్ధపడిన శోషరస గ్రంథియే.

ఇక కీమోథెరపీ యనునది ఈ కావలివారిని ఏల చంపునో తెలిసికొనుటకు దాని పుట్టుకను గూర్చి కొంత చెప్పవలెను. 1943 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఇటలీ దేశపు బారీ రేవుపై జర్మను విమానములు బాంబులు కురిపించెను. రేవులో నున్న జాన్ హార్వీ అను అమెరికా ఓడలో మస్టర్డ్ అను విషపదార్థముతో నింపిన బాంబులు రహస్యముగా నుండెను. ఓడ పగిలి ఆ విషము నీటిలోను, పొగలోను కలిసెను. ఆరువందలకు పైగా మనుష్యులు దాని బాధకు లోనై ఆసుపత్రి చేరిరి. ఎనుబదిమందికి పైగా మరణించిరి. విచారణకై పంపబడిన స్టువర్ట్ అలెగ్జాండర్ అను వైద్యుడు ఆ రోగుల రక్తములో తెల్లకణములు మిక్కిలి తగ్గిపోవుట గమనించెను. అంతకు ముందు సంవత్సరమే, 1942లో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో గుడ్‌మన్, గిల్‌మన్ అను పండితులు అదే జాతి రసాయనమును శోషరస గ్రంథుల క్యాన్సరుగల రోగి కిచ్చి చూచియుండిరి. గడ్డలు కరగెను, కాని కొలదికాలమునకే మరల పెరిగెను. యుద్ధకాలపు రహస్యమగుటచే ఆ సంగతి 1946 వరకు లోకమునకు వెల్లడి కాలేదు. నేడు ఆసుపత్రులలో నిచ్చు సైక్లోఫాస్ఫమైడ్ ఆ విషపు వంశములోనిదే.

రెండవ మార్గమును తెఱచినవారిలో మన తెలుగువాడొకడు గలడు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పనిచేయుచుండిరి. ఆయన సహచరులు 1945లో ఫోలిక్ ఆమ్లమను విటమినును కృత్రిమముగా తయారుచేసిరి. ఆకుకూరలలోనుండు ఈ విటమిను లేక మూలుగ రక్తకణములను చేయజాలదు. బోస్టను నగరములో బిడ్డల లుకేమియాకు మందు వెదకుచున్న సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానికి సంబంధించిన పదార్థములను రోగులకిచ్చి చూచెను. రోగము తగ్గుటకు మారుగా త్వరితపడినట్లు ఆయనకు తోచెను. పాఠకులు ఈ వాక్యమును మరచిపోకుందురుగాక: ఆకుకూరలలోని, ప్రకృతిసిద్ధమైన విటమినే రోగకణములకును ఆహారమాయెను. అప్పుడు ఫార్బర్, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన పదార్థమును కోరగా, సుబ్బారావుగారి పరిశోధనశాల అమినోప్టెరిన్ అనుదానిని పంపెను. అది తాళపుచెవిని పోలియుండి, తాళములో దూరి ఇరుకుకొనిపోవు దొంగ తాళపుచెవివంటిది. 1948లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసములో కడు వ్యాధిగ్రస్తులైన 16 మంది బిడ్డలకు ఈ మందిచ్చితిమనియు, 10 మందికి మేలు కనబడెననియు వ్రాసెను. ఆ మేలు తాత్కాలికమే. అయినను అంతకుముందు ఆ మాత్రమును లేదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే పరమపదించిరి. ఆ కుటుంబములోని మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. అనేక మందులను కలిపి యిచ్చు పద్ధతివలన, సమస్త సౌకర్యములుగల దేశములలో ఈ రోగముగల బిడ్డలలో నూటికి దాదాపు తొంబదిమంది నేడు బ్రతుకుచున్నారు.

ఈ మందులన్నియు త్వరగా విభజన చెందు కణములను చంపును. క్యాన్సరు కణములు అట్టివి. దురదృష్టవశమున వెండ్రుకల మొదళ్లు, నోటిలోని పొర, ప్రేగుల లోపలిపొర, మూలుగ, థైమస్ సైతము అట్టివే. కాబట్టి జుట్టు రాలును, నోరు పూయును, కావలివారు చత్తురు. మందు ఎక్కించిన తరువాత సాధారణముగా 7 మొదలు 14 దినముల నడుమ న్యూట్రోఫిల్‌లు అట్టడుగునకు పడిపోవును. ఘనమిల్లీమీటరు రక్తములో అవి 500 కంటె తక్కువైనప్పుడు, మన నోటిలోను ప్రేగులలోను సాధువులై కాపురముండు సూక్ష్మజీవులే శత్రువులగును. ఆ దినములలో చీము పట్టదు, వాపు రాదు. వానిని చేయవలసిన కణములే లేవు గదా! జ్వరమొక్కటే గుర్తు. కీమో తీసికొనుచున్నవారికి జ్వరమానిలో 100.4 డిగ్రీలు కనబడినయెడల, రాత్రియైనను పండుగయైనను, గంటలలో ఆసుపత్రి చేరవలెను. ఇంటిలో జ్వరపుమాత్ర వేసి తెల్లవారువరకు చూతమనుకొనరాదు. అట్టి బాలునికి ఆటలమ్మ మిక్కిలి అపాయకరము. అందుచేత ఇంట నెవరికైన ఆటలమ్మ పోసినయెడల ఆ సంగతి దాచక తరగతి ఉపాధ్యాయునికి తెలుపుడని తలిదండ్రులను వేడుకొనుచున్నాను. నాకు తెలిసినంతవరకు దానిని దాచుటయే మన ఊరి అలవాటు.

మరి ఈ మూలుగను, థైమసును ముందుగానే కాపాడు కవచ మేదైనను కలదా? శరీరములోనే పుట్టు హార్మోను అట్టి కవచము కాగలదా? ఇదియే ఆ తండ్రి ప్రశ్న.

హార్మోను లనునవి సాధారణముగా గ్రంథులలో పుట్టి రక్తముద్వారా దూరపు అవయవములకు వార్త మోసికొనిపోవు పదార్థములు. అవి మన దేహమునకు సహజములైనంత మాత్రమున కావలివారికి మిత్రములని తలపరాదు. 1936లో మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే అను పరిశోధకుడు చలి, గాయము మొదలగు కష్టములకు గురియైన ఎలుకల థైమస్ కుంచించుకొనిపోవుట చూచెను. కష్టకాలములో మూత్రపిండములపై నుండు గ్రంథులు స్రవించు హార్మోనుల వలననే అది జరుగునని తరువాత తేలెను. అట్టి హార్మోనును పోలిన ప్రెడ్నిసొలోను లుకేమియాలో రోగకణములను చంపుటకై ఇయ్యబడుచున్నది. అనగా ఒక హార్మోను కావలివారిని చంపును, అదే మరియొకచోట ఔషధమగును.

మెలటోనిన్ కథ వేఱు. మెదడు నడుమ కందిగింజంత పీనియల్ గ్రంథి యున్నది. 1917లోనే మెక్‌కార్డ్, ఆలెన్ అనువారు పశువుల పీనియల్ గ్రంథి సారమును నీటిలో వేయగా కప్పపిల్లల చర్మము తెల్లబారుట చూచిరి. యేల్ విశ్వవిద్యాలయములో చర్మవైద్యుడైన ఆరన్ లెర్నర్, బొల్లి మొదలైన చర్మవ్యాధులకు ఏదైన ఉపాయము దొరకునను ఆశతో, వేలకొలది పశువుల గ్రంథులను ప్రోగుచేసి, 1958లో ఆ పదార్థమును వేఱుచేసి మెలటోనిన్ అని పేరు పెట్టెను. బొల్లికి అది పనికిరాలేదు. కాని చీకటి పడినపుడు రక్తములో పెరిగి, వెలుతురు తగిలిన తగ్గిపోవుచు, అది దేహమునకు రాత్రి వచ్చినదని తెలుపు దూతయని తరువాత తెలిసెను. పెక్కు కీమో మందులు కణములలో పుట్టించు తీక్ష్ణమైన ఆక్సిజన్ సంబంధ పదార్థములను అది చల్లార్చగలదనియు కనుగొనబడెను. ఈ రెండవ గుణమునుబట్టియే కవచమను ఆశ పుట్టినది.

ఎలుకలలో ఆ ఆశ చక్కగా ఫలించెను. 1994లో స్విట్జర్లాండు, ఇటలీ దేశములకు చెందిన మేస్ట్రోనీ, కాంటీ, లిస్సోనీ అను ముగ్గురు, క్యాన్సరు గడ్డలుగల చిట్టెలుకలకు కీమోతోకూడ మెలటోనిన్ ఇయ్యగా వాని మూలుగ కొంతవరకు రక్షింపబడెనని ప్రకటించిరి. ఇతరులును ఎలుకల థైమసును ప్లీహమును తూచి, మెలటోనిన్ పొందినవానిలో క్షయము తక్కువగా నుండెనని వ్రాసిరి. ఇంతవరకే చదివి నిలిచినవాడు సీసా మూత తీయుట సహజము. నేనును మొదట ఇంతవరకే చదివి, నా మొదటి మాటయే సరియైనదేమో యని గర్వించితిని.

తరువాత మనుష్యులపై జరిగిన పరీక్షలకు వచ్చితిని. 1999వ సంవత్సరముననే రెండు ఫలితములు వెలువడెను. ఇటలీలో లిస్సోనీయు ఆయన తోడివారును ముదిరిన క్యాన్సరుగల 250 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు కీమోతోపాటు దినమునకు 20 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చిరి. ఆ గుంపులో ప్లేట్‌లెట్లు పడిపోవుటయు, నీరసమును తక్కువగా నుండెనని వ్రాసిరి. కాని రెండవ గుంపునకు ఉత్తుత్తి మాత్ర యేదియు ఇయ్యలేదు. ఎవరికి మందు ముట్టుచున్నదో రోగులకును వైద్యులకును తెలియును. మనుష్యుల మనస్సు తాను కోరినదానినే చూచునుగదా. రెండవ పరీక్ష స్విట్జర్లాండులో ఘియెల్‌మినీ అనువారు చేసినది. ఊపిరితిత్తుల క్యాన్సరుగల 20 మందికి దినమునకు 40 మిల్లీగ్రాములు గాని, అదే రూపముగల ఉత్తుత్తి మాత్ర గాని, ఎవరి కేది యను సంగతి ఎవరికిని తెలియకుండ ఇయ్యబడెను. రక్తకణముల పతనములో తేడా కనబడలేదు. ఇరువదిమంది స్వల్పసంఖ్యయే. అయినను కండ్లకు గంత కట్టుకొని చేసిన తూకము గనుక నేను దానికే ఎక్కువ విలువ నిత్తును. మూలుగకు సంబంధించినది కాకపోయినను, 2021లో కెనడాలో ముగిసిన పెద్ద పరీక్షను గూడ చెప్పవలెను. ఊపిరితిత్తుల క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగిన 709 మందికి ఒక సంవత్సరము పొడుగున రాత్రులయందు మెలటోనిన్ గాని ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చి చూచిరి. రోగము మరల రాకుండ ఆపుటలో మెలటోనిన్ మేలు చేసినట్లు తేలలేదు.

ఎలుకలలో జరిగినది మనుష్యులలో ఏల జరుగలేదో ఇదమిత్థమని చెప్పజాలము గాని, మోతాదు విషయము మాత్రము ఆలోచింపదగినది. మన పీనియల్ గ్రంథి ఒక రాత్రి యంతయు స్రవించు మెలటోనిన్ మిల్లీగ్రాములో పదియవ వంతునకు మించదు. ఇరువది మిల్లీగ్రాములు దానికి 200 రెట్లకు పైమాట. దానిని ఇంకను ‘ప్రకృతిసిద్ధము’ అనవచ్చునా? చెరువులోనికి కాలువ నీరు సహజముగా వచ్చును. 200 కాలువల నీరు ఒక్కసారిగా వచ్చిన గట్టు గతి యేమి? అదిగాక సీసాలపై వ్రాతలును నమ్మదగినవి గావు. 2017లో కెనడాలో 31 రకముల మెలటోనిన్ మాత్రలను పరీక్షింపగా, ఒకదానిలో వ్రాసినదానికంటె 83 శాతము తక్కువయు, మరియొకదానిలో 478 శాతము ఎక్కువయు ఉండెను. ఎనిమిదింటిలో సెరటోనిన్ అను వేఱొక పదార్థమే కలిసియుండెను.

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. కవచము ఎవరిని కాయును? మందు దెబ్బనుండి మూలుగను కాపాడు పదార్థము రోగకణమును గూడ కాపాడదని యెట్లు తెలియును? ఆ బాలుని రోగమే తెల్లకణముల రోగము. అతని శత్రువు కావలివాని వేషమునే ధరించియున్నాడు. పైన చెప్పిన ఫోలిక్ ఆమ్లపు కథ ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఇట్లనుటచే దేహములో పుట్టు పదార్థమేదియు మూలుగకు సహాయము చేయలేదని తలపరాదు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరమున డొనాల్డ్ మెట్‌కాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1960ల నుండి ఒకే పని పట్టుకొని కూర్చుండెను. గాజుపళ్లెములలో మూలుగకణములను పెంచుచు, అవి గుంపులుగా పెరుగుటకు ఏ పదార్థము ఆజ్ఞ యిచ్చుచున్నదో వెదకెను. ఆ ఆజ్ఞాపదార్థములలో నొకటి జి-సి-ఎస్-ఎఫ్. 1983లో చిట్టెలుకలలోనిది శుద్ధిచేయబడెను. 1986లో మనుష్యులలోని దాని జీను జపానులోను అమెరికాలోను దొరకెను. 1991లో అమెరికా ప్రభుత్వము దానిని ఔషధముగా నంగీకరించెను. ఇది ఒక్క గ్రంథిలో పుట్టునది కాకపోయినను, పనిని బట్టి దీనిని రక్తోత్పత్తి హార్మోను అనువారు గలరు. ఆ 1991లోనే ప్రకటింపబడిన పరీక్షలో, ఉత్తుత్తి సూదిమందు పొందిన క్యాన్సరు రోగులలో నూటికి 77 మందికి కణములు పడిపోయి జ్వరము రాగా, జి-సి-ఎస్-ఎఫ్ పొందినవారిలో నూటికి 40 మందికే వచ్చెను. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థయు దీనిని గ్రాఫీలను పేర తయారుచేసినది.

అయితే ఇది కవచము కాదు. దెబ్బ తగిలిన తరువాత త్వరపెట్టు మేస్త్రి. కీమో ముగిసి కనీసము 24 గంటలైన తరువాతగాని ఇయ్యరు. ఏలయనగా అది మూలుగకణములను విభజన చెందుమని తొందరపెట్టును. విభజన చెందు కణమునే మందు చంపును. ముందుగా ఇచ్చినయెడల మన సైన్యమును మనమే తుపాకి యెదుట నిలిపినట్లగును. ఎముకలు నొప్పి పెట్టుట దాని సాధారణ బాధ. అందరికిని అన్ని క్యాన్సరులలోను ఇయ్యరు. థైమసునకు దీనివలన ఉపకారము లేదు. థైమసు విషయములో బిడ్డలకు వయస్సే సహాయము. చికిత్స ముగిసిన తరువాత పెద్దలకంటె పిన్నలలో శిక్షితకణములు త్వరగా తిరిగివచ్చుననియు, వారి థైమస్ మరల పెరుగుననియు 1995లో అమెరికాలో ప్రచురింపబడిన పరిశోధన తెలిపెను.

ఆ తండ్రి నా మాటపై సీసాను ఆసుపత్రికి తీసికొనిపోయెను. వైద్యురాలు కోపపడలేదట. “అడిగి మంచి పని చేశారు, అడగకుండా వేసేవారే ఎక్కువ” అని చెప్పి, చికిత్స ముగియువరకు దానిని వాడవద్దనెనట. అటుతరువాత ఇరువది దినములకు ఒక రాత్రి బాలునికి 101 డిగ్రీల జ్వరము వచ్చెను. వారు తెల్లవారువరకు ఆగక ఆటోలో ఆసుపత్రి చేరిరి. తొమ్మిది దినములు అక్కడనుండి ఇంటికి వచ్చెను.

ఈ జూన్ మాసమునుండి ఆ బాలుడు తన తరగతిలో కూర్చుండుచున్నాడు. చికిత్స ఇంకను ముగియలేదు. వారమున కొకమారు మెథోట్రెక్సేట్ మాత్రలు మ్రింగవలెను. అది సుబ్బారావుగారి పరిశోధనశాలలో పుట్టిన వంశమని నేను చెప్పగా, భీమవరములో వారి పెద్దమ్మగారి యిల్లున్నదని సంతోషముతో పలికెను. జుట్టు మరల మొలచినది, మునుపటికంటె కొంచెము ఉంగరములు తిరిగి. ఆ సీసా వారి బీరువాలోనే యున్నది. మూత ఇంకను తీయలేదు.